చప్పిడి మెతుకులు, తియ్యటి నీళ్లు

పత్తికి తెల్లదోమ పట్టిన ఏడు అది. పరుచూరు చుట్టుపక్కల ఏ అరుగు మీద చూసినా మగవాళ్లు తలలు పట్టుకుని కూర్చునేవారు. కోటిరత్నానికి ఆ బెంగ లేదు. వాళ్లకు చేనూ లేదు, చెలకా లేదు. ఆమె బెంగంతా పెరట్లో తడికలు కట్టిన మరుగుదొడ్డి చుట్టూనే తిరిగేది. పొద్దున్నే పొయ్యి రాజేస్తున్నా ఒక చెవి అటే ఉండేది. తడిక కిర్రుమంటే చాలు, ఊదుగొట్టం కింద పడేసి లేచేది.

"మళ్లీనా తల్లీ?" అంది కూతురితో.

 దేవకుమారి చెంబు గట్టు మీద పెట్టి, గోడ పట్టుకుని నడిచి వచ్చి, నులకమంచం మీద ముడుచుకు పడుకుంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. గుంటూరు హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతూ, దసరా సెలవులకని వచ్చింది. వచ్చింది వచ్చినట్టే మంచాన పడింది, సంక్రాంతి పోయినా లేవలేదు. అప్పటి జాకెట్లు ఇప్పుడు గోనెసంచుల్లా వేలాడుతున్నాయి.

"నెత్తురు పడిందా?"

"లేదమ్మా."

"నిజం చెప్పవే."

"లేదన్నానుగా!"

కోటిరత్నం వెళ్లి చూసింది. దొడ్లో ఏమీ కనిపించకుండా పిల్ల బూడిద చల్లేసి వచ్చింది. ఇదివరకు ఇంత బూడిద చల్లేది కాదు. ఆ బూడిద చూస్తూ ఆమె అక్కడే నిలబడిపోయింది. చిన్నప్పుడు తన చెల్లెలు ఇలాగే విరేచనాలు పట్టి, తెల్లారేసరికి పోయింది. అప్పటినుంచీ ఎవరు దగ్గినా ఆమెకు క్షయే కనిపించేది, ఎవరికి జ్వరం వచ్చినా శవప్పెట్టే కనిపించేది.

జబ్బు పేరేమిటో ఎవరికీ తెలియదు. కారణం మాత్రం వీధి వీధంతా తేల్చేసింది.

"కారమే వదినా, ఇంకేముంది!" అంది పక్కింటి రెబ్కా, గోడ మీదుగా తల ఎత్తి. "హాస్టలు తిండి అంటే కారప్పొడే గదా. పేగులు కాలిపోయుంటాయి. చప్పిడి పెట్టు, చల్లార్తాయి."

ఆ రోజే కోటిరత్నం కారం డబ్బా రెబ్కా ఇంట్లో పెట్టేసి వచ్చింది. పచ్చళ్ల జాడీలు అటక ఎక్కాయి. ఆ తర్వాత ఆమెకే ఇంకో అనుమానం పుట్టింది: గుడ్డు వేడి, చేప వేడి, కందిపప్పు వేడి. ఒక్కొక్కటే పిల్ల కంచంలోంచి మాయమైపోయాయి. చివరికి మిగిలింది మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు, పల్చటి మజ్జిగ.

"కళ్లాల్లో మిరపకాయలు కొండల్లా పోసున్నాయి, మనింట్లో చిటికెడు కారానికి కరువొచ్చిందేమే!" అనేవాడు ఆమె భర్త ఇమ్మానియేలు, చప్పిడి కూర కలుపుకుంటూ. "నేనేం పాపం చేశానే రత్నం?"

"పిల్ల ముందు నువ్వు కారం తింటే దానికి నోరూరదా? నోరు కట్టుకోలేవా ఆ మాత్రం?"

"సర్లే, కట్టుకుంటాలే," అని తల వంచుకుని తినేవాడు.

ఇమ్మానియేలుది సోడా బండి. చక్రం తిప్పే మిషను, గ్యాసు సిలిండరు, గోలీ సీసాలు. మిరపకోతల కాలంలో బండి తోసుకుంటూ కళ్లాల దాకా పోయేవాడు. ఎండలో కాయలు ఏరే ఆడవాళ్లకి ఎర్రరంగు కలరు సోడా అంటే ప్రాణం. అంతమందికి పంచదార పోసి ఎవరు ఇవ్వగలరు? గుప్పెడు పంచదారకి చిటికెడు సాక్రిన్ పొడి కలిపితే బిందెడు నీళ్లు తీపెక్కుతాయి. తాగాక నాలుక చివర కాస్త చేదు తగులుతుంది, అంతే. ఆ జిల్లాలో సోడా వేసే చాలామంది పని అదే.

సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు కూతురి కోసం రెండు కలరు సీసాలు తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చేవాడు. సోడా కడుపుకి మంచిదని అందరూ అనేదే. గాలి పోతుంది, అరుగుదల వస్తుంది.

అన్నం దగ్గర రోజూ ఒకటే భాగోతం. కోటిరత్నం కంచం ముందు కూర్చునేది. పిల్ల మొదటి ముద్ద నోట్లో పెట్టకముందే ఆమె కళ్లలో నీళ్లు తిరిగేవి. "ఒక్క ముద్ద తల్లీ. తినకపోతే చచ్చిపోతావే. నా కళ్ల ముందే పోతావే." పిల్ల కంచం పక్కకి జరిపేది. అదే ఇమ్మానియేలు గోలీ నొక్కి సీసా అందిస్తే మాత్రం గటగటా తాగేసేది. అప్పుడు మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవారు. చూశావా, ఇదైనా పోతోంది లోపలికి అన్నట్టు.

ఆ ఆదివారం దేవకుమారి తనూ ప్రార్థనగుడికి వస్తానంది. తెల్లచీర కట్టుకుంది. కోటిరత్నం వద్దనీ అనలేకపోయింది, రమ్మనీ అనలేకపోయింది. ఆడవాళ్ల వైపు, తలుపుకి దగ్గరగా చాప మీద కూర్చోబెట్టింది. పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతుండగా దేవకుమారి చటుక్కున లేచింది. గడప దాకా పోయింది గాని దాటలేకపోయింది. అక్కడే కూలబడింది. తెల్లచీర వెనక ఎర్రటి మరక అరచేయంతై, చూస్తుండగానే విస్తరాకంతైంది. వాక్యం ఆగిపోయింది.

"అయ్యో దేవుడా, పిల్ల పోయింది!" అని కోటిరత్నం పెట్టిన కేకకి బయట రోడ్డు మీద వాళ్లు పరుగెత్తుకొచ్చారు. పిల్ల పోలేదు. కళ్లు తెరిచి, అందరి ముందూ తన చీర చూసుకుని, కొంగు మొహం మీదికి లాక్కుంది.

* * *

గుంటూరులో మిషను ఆసుపత్రి డాక్టరమ్మ నెరిసిన జుట్టుతో, తక్కువ మాటలతో ఉండే మనిషి. పరీక్షలన్నీ చేశాక ఇద్దరినీ పిలిచి కూర్చోమంది.

"పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడింది. అందుకే నెత్తురు, చీము, ఆ కడుపునొప్పి. మందులు మొదలుపెట్టాం. రక్తం ఎక్కించాలి. మందులకి లొంగకపోతే ఆపరేషన్ దాకా పోవాల్సి రావచ్చు."

"కేన్సరా అండీ?" అడిగింది కోటిరత్నం.

"కాదు. అయినా తేలికైన జబ్బని మాత్రం చెప్పను. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఎందుకొస్తుందో మాకే సరిగా తెలియదు."

"కారం వల్లేనండీ. నేను అప్పుడే మాన్పించేశాను. గుడ్డు, చేప, పప్పు అన్నీ మాన్పించేశాను. వట్టి మెతుకులే పెడుతున్నానండీ." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కాస్త నిటారుగా కూర్చుంది.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "కారం తెచ్చిన జబ్బు కాదమ్మా ఇది. పుండు మానేదాకా కారం తగ్గిస్తే మంచిదే. కానీ గుడ్డూ పప్పూ ఎవరు మానమన్నారు? అంత రక్తం పోతుంటే లోపలికి బలం ఏం పోయింది? సగం జబ్బు నీరసానిదే. ఇంకేం తీసుకుంటోంది?"

"మన సోడానేనండి," అన్నాడు ఇమ్మానియేలు. "కలరు సోడా. రోజూ నేనే తెచ్చిస్తాను."

"పంచదారే వేస్తావా?"

అతను కండువా రెండో భుజం మీదికి మార్చుకున్నాడు. "కొంచెం పంచదార... మిగతాది సాక్రినండి."

"దానివల్లే జబ్బొచ్చిందని నేననను. అది పేగుని ఏం చేస్తుందో ఎవరూ తేల్చి చెప్పలేదు. కొంతమందికి అలాంటివి పడవు. ఈ పిల్లకి పడుతోందో లేదో ఆపితేగాని తెలియదు. సోడా మొత్తం ఆపెయ్యండి."

ఇద్దరూ బయట వరండా దాటి, రోగుల వాళ్లు వంట చేసుకునే రేకుల షెడ్డు దగ్గరికి వచ్చారు. అక్కడికి రాగానే కోటిరత్నం ఆగింది.

"విన్నావుగా? పోశావు గదయ్యా, పూటపూటా పోశావు! కన్నకూతురికి పంచదార నీళ్లకి కూడా గతిలేక ఆ తెల్లపొడి పోశావు!"

"ఆవిడ అలా అన్లేదు. పడకపోవచ్చు అంది."

"ఆవిడ పెద్దమనిషి, మెత్తగా చెప్పింది. నాకర్థం కాలేదనుకున్నావా?"

"ఊరంతా తాగుతున్నారు గదే! ఊరంతా మంచాలు పట్టారా? నేను తాగట్లా?"

"నీది గేదె కడుపు. నా బిడ్డది లేత పేగు!"

షెడ్డులో గంజి వారుస్తున్న ఆడవాళ్లు తిరిగి చూశారు. ఇమ్మానియేలు సాధారణంగా అక్కడితో ఆగిపోయే మనిషి. ఆ రోజు ఆగలేదు.

"నేను నీళ్లు పోశాను, నిజమే. నువ్వేం పెట్టావు? గుడ్డు తీసేశావు. పప్పు తీసేశావు. చేప తెస్తే పిల్లికేశావు. ఎండగట్టి చంపుతున్నావే దాన్ని! రోజూ దాని కంచం ముందు కూర్చుని శవం ముందు ఏడ్చినట్టు ఏడుస్తావు. ఎవరు తింటారే ఆ ఏడుపులో?"

"నా ఏడుపు నీకు వేళాకోళమైందా?"

ఆమె విసురుగా వార్డులోకి నడిచింది. అతనూ వెనకే వచ్చాడు. మంచం దగ్గర కూడా మాటలు ఆగలేదు, గొంతులు మాత్రం తగ్గాయి. సాక్రిన్ అని ఒకరు, చప్పిడి అని ఒకరు. దేవకుమారి కళ్లు మూసుకునే వింటోంది. చేతికి సెలైను సూది. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"నాన్న తప్పేం లేదు," అంది ఉన్నట్టుండి. "నేనే తాగాను."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"తాగిన ప్రతిసారీ కడుపులో మెలిపెట్టేది. సీసా ఖాళీ చేసి కాసేపటికే దొడ్లోకి పరుగెత్తేదాన్ని. అది పడట్లేదని నాకు ఎప్పుడో తెలుసు."

"మరి ఎందుకు తాగావే పిచ్చితల్లీ?" అన్నాడు ఇమ్మానియేలు, మంచం మీదికి వంగి. "వద్దంటే మానేసేవాణ్ణి గదా!"

"అన్నం దగ్గర అమ్మ ఏడుస్తుంది. మంచం దగ్గర ఏడుస్తుంది. ప్రార్థనలో ఏడుస్తుంది. సోడా తాగేటప్పుడు ఒక్కటే... మీ ఇద్దరూ నవ్వేవాళ్లు. ఆ కాసేపైనా ఇల్లు మామూలుగా ఉండేది. అందుకని తాగాను."

కోటిరత్నం ఏదో అనబోయింది. పిల్ల ఆగలేదు.

"నెత్తురు సంక్రాంతికి ముందునుంచే పడుతోందమ్మా. చెప్పలేదు. చెబితే నువ్వు నన్ను అప్పుడే పూడ్చిపెట్టి వచ్చినదానిలా చూస్తావు. ఆ చూపు నేను పడలేను. అందుకే బూడిద చల్లాను."

ఇమ్మానియేలు తల తిప్పుకుని బయటికి వెళ్లిపోయాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. తర్వాత నర్సు వచ్చి, తండ్రి రక్తం సరిపోయిందని, తీస్తున్నారని చెప్పింది. వచ్చినప్పుడు అతని మోచేతి దగ్గర దూది అంటించి ఉంది. మంచం కాళ్ల వైపు నిలబడి, "రత్నం, ఆ పొడి ఇంక ఎవరి నోట్లోకీ పోయను," అన్నాడు. "పంచదారతోనే వేస్తా. గిట్టుబాటైతే అవుతుంది, లేకపోతే కాయలు ఏరే కూలికి పోతా."

"కూర్చో అయ్యా ముందు, తూలుతున్నావు," అంది ఆమె. స్టూలు అతనికిచ్చి తను మంచం అంచున కూర్చుంది. "గుడ్లు దొరికే చోటు కనుక్కుందాం. ఉడకబెట్టి పెడతాను." అతను తలూపాడు. వాళ్లిద్దరి మధ్యా క్షమాపణ అంటే అంతే.

సీసాలోంచి తండ్రి రక్తం బొట్టు బొట్టుగా దిగుతోంది. మధ్యాహ్నం ఎండకి వార్డు ఉడికిపోతోంది. ఇమ్మానియేలు గోడకి ఆనుకుని కునికాడు. దేవకుమారి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నేను చచ్చిపోతానా?"

ఇన్ని నెలలుగా ఆ మాట కోటిరత్నం నోట్లో నానిన మాటే. ముద్ద ముద్దకీ అన్న మాటే. పిల్ల నోటివెంట వింటే మాత్రం అది వేరే మాటలా ఉంది.  కళ్లు మండాయి. కొంగు చేతిలోకి తీసుకుంది, మళ్లీ వదిలేసింది.

"తెలీదమ్మా," అంది. "డాక్టరమ్మకే తెలీదంట, నాకేం తెలుసు? తగ్గాలని అడుగుతున్నాను దేవుణ్ణి. నువ్వేం చెప్పినా ఇక్కడే కూర్చుని వింటాను. ఎంత చెడ్డదైనా చెప్పు."

దేవకుమారి తల్లి కొంగు పట్టుకుంది.

"నాకు భయమేస్తోందే అమ్మా. చాలా భయమేస్తోంది," అంది. అంటూనే మొహం వంకర్లు పోయింది. సూది ఉన్న చెయ్యి కదలకుండా, రెండో చేత్తో తల్లి నడుము చుట్టేసి, చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

జబ్బు మొదలైనప్పటినుంచీ పిల్ల ఏడవడం అదే మొదలని కోటిరత్నానికి అప్పుడు తట్టింది. ఇంట్లో ఏడుపంతా తనే ఏడ్చేసింది. జబ్బు పడ్డదానికి వంతే రానివ్వలేదు.

ఊరుకో అనలేదు. దేవుడా అనలేదు. కూతురి తల ఒళ్లోకి తీసుకుని, పొడికళ్లతో, చిక్కుపడ్డ జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చింది.