కుడికాలి గులకరాయి

ఎన్నికల ఆఫీసు లిఫ్ట్ కింది అంతస్తులో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఆడిటర్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి, ప్రాణం మాత్రం లేదు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు ఉంది.

గంట తిరక్కుండానే మౌనికి పిలుపొచ్చింది. పది మాటలు పట్టే చోట ఒక్కటే వాడతాడని గూఢచారి డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది.

బాస్ గదిలో తెర మీద రెండు గీతలు పక్కపక్కనే పైకి ఎక్కుతున్నాయి.

“ఇవి గొడుగు పార్టీ విరాళాలు. అవి నిచ్చెన పార్టీవి,” అన్నాడు బాస్. “వాళ్లు ఉప్పూ నిప్పూ. కానీ ఏ వారం చూడు, వసూళ్లు మాత్రం సమానంగా పెరుగుతున్నాయి. ఆడిటర్ కనిపెట్టింది అదే.”

“ఒకే జేబు.”

“ఒక విదేశీ ముఠా జేబు. ఎవరు గెలిచినా ఆ ముఠా చెప్పినట్టు ఆడాలి. రేపు రెండు పార్టీల కోశాధికారులూ దాతలెవరో ప్రమాణం చేసి చెప్పాలి. ఈలోగా వాళ్ల నోళ్లు మూయిస్తారని సమాచారం. ఇవాళ మధ్యాహ్నం విందులో ఇద్దరూ ఒకే వేదిక మీద ఉంటారు.” బాస్ గొంతు తగ్గించాడు. “విందు ఇస్తున్నది నెమలి.”

నెమలి మౌని భార్య. రెండేళ్ల క్రితం డిపార్ట్‌మెంటే ఆమెని ముఠాలోకి పంపింది. నాలుగు నెలలుగా కబురు లేదు.

“అటు తిరిగిపోయిందయ్యా. అడ్డొస్తే కాల్చెయ్. ఇది ఆర్డర్.”

“పాత విందుల వీడియోలు కావాలి.”

“చూశాంగా. ఎక్కడ ఎంత వచ్చిందో లెక్క కట్టాం.”

“ఇచ్చినవాళ్లని చూశారా?”

బాస్ వీడియోలు తెర మీద పెట్టాడు.

గొడుగు పార్టీ విందులో ఒక ముసలావిడ విరాళం ఇస్తోంది. నిచ్చెన పార్టీ విందులో ఒక డాక్టరమ్మ. ఇంకోచోట నగల కొట్టు యజమానురాలు. ముఖాలు వేరు, గొంతులు వేరు. కుడికాలు మాత్రం అన్నిచోట్లా ఒకేలా కుంటుతోంది.

ఆ వేషాలన్నీ నెమలివేనని మౌని గుర్తుపట్టాడు. ట్రైనింగ్‌లో ఆమెకి ఆ పాఠం చెప్పింది తనే. నడక మారాలంటే బూటులో గులకరాయి వేసుకోమన్నాడు. ఆమె పడీపడీ నవ్వింది. ‘ఆ ముతక విద్య నాకొద్దు మాస్టారూ! నేనెప్పుడైనా రాయి వేసుకున్నానంటే, ప్రాణం మీదికొచ్చి మిమ్మల్ని పిలుస్తున్నానని అర్థం.’ పెళ్లయ్యాక కూడా ఆ మాస్టారు అన్న పిలుపు మానలేదు.

నాలుగు నెలలు ఆమె కెమెరాల ముందు కుంటుతూ పిలిచింది. డిపార్ట్‌మెంట్ పెద్దలు ఏ పార్టీకి ఎంతొచ్చిందో పోల్చుకుంటూ కూర్చున్నారు.

విందు హాల్లోకి మౌని వెయిటర్ వేషంలో వెళ్లాడు. అతికించిన మీసం, బొత్తాంలో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్. నెమలి ఆకుపచ్చ సిల్కు గౌనులో అతిథుల మధ్య తిరుగుతోంది. హాలంతా ఆమె ముఖమే చూస్తోంది. అతను కాలు చూశాడు.

“చలిగా ఉందా మేడమ్?” అది వాళ్ల పాత కోడ్.

“కిటికీ వేస్తే చాలు.” ఆమె నవ్వు చెదరలేదు. “వేదిక మీద రెండు గ్లాసుల్లోనూ విషం ఉంది. తలుపు దగ్గర బూడిదరంగు కోటు వాడు నా మీదే గురిపెట్టాడు. నోరు విప్పితే కాల్చేస్తాడు. ముందు వాడి సంగతి చూడండి.”

వేదిక మీద కోశాధికారులకి పేచీ వచ్చింది. ఎవరి వసూళ్లు వాళ్లు చదివి, తర్వాత గ్లాసు ఎత్తాలి. రెండోవాడికి ఎదుటివాడి అంకె విని తనది కాస్త పెంచుకునే వీలుంటుంది. అందుకని ముందు చదవడానికి ఇద్దరూ సిద్ధంగా లేరు.

“ముందు మీరు కానివ్వండి.”

“అబ్బే, పెద్దవారు, మీరుండగా నేనా!”

వాళ్లు ఒకరినొకరు గౌరవించుకోవడం అదే మొదలు. మౌని ట్రే పట్టుకుని కుర్చీల మధ్య నుంచి తలుపు వైపు జరుగుతున్నాడు.

“పోనీ, ఇద్దరం ఒకేసారి చదివేద్దాం!”

చదివేశారు. ఎవరి అంకె ఎవరికీ వినబడలేదు. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. గ్లాసులు పెదవుల దాకా వచ్చాయి. మౌని ఇంకా తలుపు చేరలేదు.

“తాగకండి! విషం!”

అరుస్తూ వేదిక మీదికి దూకిన నెమలి చెయ్యి తగిలి గ్లాసులు రెండూ నేల మీద పడి పగిలాయి. తుపాకీ పేలింది, నెమలి కూలిపోయింది. మరుక్షణం కోటు వాడి మణికట్టు మౌని చేతిలో విరిగింది. ఆ ఒక్క క్షణమే ఆలస్యమైంది.

అతను ఆమె తల ఒళ్లోకి తీసుకున్నాడు.

“ఇంతాలస్యమా మాస్టారూ?”

“లెక్కలు చూస్తున్నాం,” అన్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది. “ఆ రాయి తీసెయ్యండి. నొప్పిగా ఉంది.”

బూటు విప్పాడు. పాదం పుండైపోయి ఉంది. రాయి తీసి తలెత్తేసరికి ఆమె లేదు. మౌని జీవితంలో మొదటిసారి పదిమందిలో బావురుమన్నాడు.

సాయంత్రానికల్లా కోటు వాడు అంతా కక్కేశాడు. ముఠా దొరికింది. నెమలి ఎవరో మాత్రం బయటికి చెప్పకూడదని పైనుంచి ఆర్డర్. విందు ఇచ్చిన ధనవంతురాలిగానే ఆమెని సాగనంపారు. మౌని, అతని అత్తగారు దూరపు చుట్టాల్లా వెనక నిలబడ్డారు.

“అల్లుడూ, నా కూతురు మంచిపనిలోనే పోయిందా?”

“అవునత్తయ్యా.”

“మరి ఒక్కరూ ఆ మాట అనరేం?”

అతను గులకరాయి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఇవ్వడానికి అతని దగ్గర ఇంకేమీ లేదు. ఆవిడ అదేమిటని అడగలేదు. గుప్పిట మూసుకుని ఏడ్చింది.

రెండు పార్టీల నుంచీ పుష్పగుచ్ఛాలు వచ్చాయి. రెండిటి మీదా ‘మా పార్టీ శ్రేయోభిలాషికి’ అనే ఉంది. ఇయర్‌పీస్‌లో బాస్ గొంతు అలవాటు కొద్దీ అడిగింది.

“ఎవరిది పెద్దదోయ్?”

“రెండూ సమానమే సార్. ఈసారైనా కొలవడం ఆపి, మోసుకొచ్చినవాళ్ల నడక చూడండి.”