బావ సర్దిన సంచి

"మన మనుషుల అసలు పేర్లున్న చిప్ పోయింది," అన్నాడు చీఫ్, కుర్చీ కూడా చూపించకుండా.

తూకం నిలబడే విన్నాడు. ఆఫీసులో ఆ పేరు అతనికి ఊరికే రాలేదు. పెన్ను ఇచ్చినా అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తాడు.

"కాపీ తీయబోతే చెరిగిపోయే రకం. అందుకే ఒరిజినల్‌నే మోసుకెళ్తున్నారు. ఈ సాయంత్రం ఉత్తరపు కనుమలో తాళ్ళ వంతెన దగ్గర చేతులు మారుతుంది. కొరియర్ ఎవరో తెలీదు."

"టీమ్?"

"నువ్వొక్కడివే. ట్రెక్కర్ వేషం. దారిలో చెకింగ్ ఉంటుంది కాబట్టి గన్ వద్దు. ట్రాక్ చేస్తారు కాబట్టి ఫోన్ వద్దు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఆ చిప్‌లో మీ అక్క పేరు కూడా ఉంది."

అక్క ఏళ్ళ తరబడి అవతలి దేశంలో అండర్‌కవర్. చిప్ వంతెన దాటిందంటే ఆమె ప్రాణం దక్కదు. తూకం ఇంకేమీ అడగలేదు. తిన్నగా స్టోర్స్‌కి దిగాడు.

స్టోర్స్ ఇన్‌చార్జి స్వయానా ఆ అక్క మొగుడే. కొండల్లోకి, అడవుల్లోకి వెళ్ళే ఏజెంట్లకి సర్వైవల్ కిట్ తయారుచేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరి సంచి వాళ్ళు సర్దుకోకూడదు. సర్దుకుంటే భయం కొద్దీ బరువు పెరుగుతుందని బావ సిద్ధాంతం. టూత్‌బ్రష్ పిడి సగానికి కోసేస్తాడు. ఒకే పనికి రెండు వస్తువులు కనిపిస్తే ఒకటి తీసి బయట పారేస్తాడు.

"సూది ఉంది, దారం ఏది బావా?"

"పళ్ళు శుభ్రం చేసుకునే ఫ్లాస్ ఉందిగా. అదే దారం, అదే తాడు."

"థర్మల్ బ్లాంకెట్?"

"అన్నీ పెట్టా. నేను సర్దాక కూడా నీకు అనుమానమేనా?"

తూకం సంచిని అరచేతిలో నిలబెట్టాడు. "ఈసారి మరీ తేలిగ్గా ఉంది."

"అదే కదా నా పనితనం." బావ కళ్ళు తడిశాయి. "మీ అక్క నీ చేతుల్లో ఉందిరా. దణ్ణం పెడతా, వెళ్ళిరా."

అరచేయి నిజమే చెప్పింది. కానీ ఎదురుగా ఉన్నది బావాయె. ఎలా నమ్ముతాడు?

కొండెక్కేసరికి పొగమంచు కమ్మేసింది. మూడడుగుల అవతల ఏముందో తెలియడం లేదు. సంచి పట్టీకి బిగించిన కంపాస్‌నే నమ్ముకుని ఉత్తరానికి నడిచాడు. చాలాసేపటికి మంచు విడిపోయింది. ఉత్తరానికి పోయేవాడికి సాయంత్రపు సూర్యుడు ఎడమ పక్కన ఉండాలి. ఆయన కాస్తా ఎదురుగా నిలబడి కళ్ళల్లోకి కొడుతున్నాడు.

ఈదురుగాలికి పళ్ళు టకటకలాడాయి. బ్లాంకెట్ కోసం సంచి కుమ్మరించాడు. లేదు. పట్టీ మీద కుట్లు విప్పి చూశాడు. కంపాస్ ముల్లుని పక్కకి లాగడానికి సరిపడా చిన్న అయస్కాంతం ముక్క బయటపడింది. కుట్టు మాత్రం అద్భుతం. వెనక్కి మెలిపెట్టి వేసే ఆ రెండు వరసల కుట్టు ఈ లోకంలో ఒక్కడికే వచ్చు.

శత్రువు కాలిస్తే కోపం వస్తుంది. పెళ్ళిలో తన భుజం మీద చెయ్యేసి ఫోటో దిగినవాడు ఇలా చేస్తే ఏం రావాలో అతనికి తెలియలేదు. ఏడుపే వచ్చింది. కళ్ళు తుడుచుకుని, సూర్యుణ్ణి ఎడమ పక్కకి పెట్టుకుని పరుగు తీశాడు.

వంతెన మొదట్లో టోపీ పెట్టుకున్న ట్రెక్కర్ ఒకడు నిలబడ్డాడు. అవతలి ఒడ్డున కారు లైట్లు రెండుసార్లు వెలిగాయి. ట్రెక్కర్ టోపీ తీసి ఊపాడు. అందాల డబుల్ ఏజెంట్ వస్తుందని ఇంతసేపూ కాచుకున్న పాఠకులు క్షమించాలి. మనకి దక్కింది బట్టతల బావ.

"నువ్వు సంచి మాత్రమే ఇచ్చావనుకున్నా బావా. కొరియర్‌వి కూడా నువ్వేనా?"

బావ ఉలిక్కిపడి, వెంటనే సర్దుకున్నాడు. "ఆవిడ నాకు పెళ్ళామా, ఆఫీసుకి పెళ్ళామా చెప్పు. ఇంటికి రమ్మని ఎన్నిసార్లు బతిమాలాను? రానిది ఎక్కడుంటే నాకేం."

"నా సంగతేంటి?"

"దారి తప్పి, రేపు పొద్దున్నే దిగిపోతావనుకున్నా. నిన్ను చంపే ఉద్దేశం లేదురా."

"బ్లాంకెట్ తీసేశావు కదా."

బావ చూపు దించుకున్నాడు. "నా సంచిలో పెట్టుకున్నా. ఇక్కడ చలెక్కువ."

అంతకంటే వినాల్సిందేమీ లేదు. తూకం బావ సంచి లాక్కుని కుమ్మరించాడు. బ్లాంకెట్ దొరికింది, చిప్ దొరకలేదు. ఈలోగా కారు దిగిన అవతలి మనిషి కోటులో చెయ్యి పెట్టుకుని వంతెన సగం దాటేశాడు. బావ మెడలో విజిల్ వేలాడుతోంది. సంచిలోంచి పడిన సామానులో ఇంకో విజిల్ కనిపించింది. రెండు పెన్నులు జేబులో పెట్టుకున్నా తిట్టే మనిషికి రెండు విజిళ్ళు ఎందుకు?

తూకం కింద ఉన్నదాన్ని ఊదాడు. కూత వచ్చింది. బావ మెడలోది తెంపి ఊదాడు. గాలి కూడా దూరలేదు. దాన్ని రాయి మీద పెట్టి బూటు మడమతో తొక్కాడు. ప్లాస్టిక్‌తో పాటు చిప్ కూడా పొడి అయింది. నాలుగడుగుల దూరంలో ఆగిన ఆ మనిషి ఆ పొడిని చూసి, కోటులోంచి ఉత్త చెయ్యి తీసి వెనుదిరిగాడు.

"నన్ను తీసుకెళ్తానన్నావు కదా," అని అరిచాడు బావ. అతను తిరిగి చూడలేదు. సరుకు లేనివాడితో అతనికేం పని?

మర్నాడు బావని చీఫ్‌కి అప్పగించాక, సెక్యూర్ లైన్‌లో అక్కకి తూకమే చెప్పాడు.

"కొట్టావా?" అంది అక్క.

"లేదక్కా. చెయ్యి రాలేదు."

"మంచిది. అది నేను చూసుకుంటా. చీఫ్‌తో చెప్పు, వచ్చేస్తున్నా."

పాపం, ఇన్నేళ్ళూ బావ మొక్కుకున్నది అదొక్కటే. అక్క ఇంటికి బయల్దేరింది.