నీటి మీదెవులున్నారు

భాద్రపద బహుళ అమావాస్య... అసురసంధ్య!

పగలు విడిచిపెట్టి, రాత్రి ఇంకా చేపట్టని ఆ కొద్దిపాటి వేళలో, కళింగపట్నానికి దాపునున్న ఆ మత్స్యకారుల పేట మీదికి ఆకాశం కాటుకపొగలా దిగింది. వాయుగుండం హెచ్చరికతో వేట ఆగిపోయి, పడవలన్నీ ఇసుకలో వరసగా ఒరిగి ఉన్నాయి. సముద్రం మాత్రం ఊరుకోలేదు. ఏదో అడిగి, బదులు రాక, మళ్ళీ అదే అడుగుతున్నట్టు... కెరటం వెనుక కెరటం! తుఫాను షెల్టరు పిట్టగోడ మీద ఒక గుడ్లగూబ తడుస్తూ, కదలక, ఆ రెండంతస్తుల భవనానికి తానే యజమానినన్నట్టు కూర్చుంది.

ఆ షెల్టరుకు ఎదురుగా ఉన్న ముసలి పాటగత్తె గున్నమ్మ ఇంటి అరుగు మీద శ్రీలలిత చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా కూర్చుని ఉంది.

అరసవల్లిలో తరతరాలుగా స్వామి సేవలో కీర్తనలు పాడిన కుటుంబంలో ఆమె ఆఖరిది. తల్లి పోయాక ఆ ఇంట్లో ఆమె మాటకు మారుమాట చెప్పే గొంతు లేదు. కాలేజీలో తత్త్వశాస్త్రం బోధిస్తుంది. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక, మనిషి తనలోకి తాను చూసుకోవడమే విముక్తి అని చదివిన పుస్తకాలన్నీ, చూసుకోవడానికి ఇంకెవరూ లేనప్పుడు ఎందుకో ఆమెకు సాయపడలేదు. అలాంటి ఒక సాయంత్రం ఫోనులో గున్నమ్మ పాట వినబడింది. ముసలి గొంతు; ఉప్పుగాలికి అరిగిన గొంతు. శ్రీలలిత ఆ రోజు చాలాసేపు ఏడ్చింది.

తరువాత ఆమే ఒక గ్రూపు పెట్టింది. ‘గున్నమ్మ గొంతు’ అని పేరు. వేలమంది చేరారు. ఎక్కువమంది ఈ తీరం విడిచి గుజరాత్ రేవుల్లో, చెన్నై పడవల మీద, గల్ఫు గదుల్లో బతుకుతున్నవాళ్ళు. ఎక్కడో పెళ్ళిలో తీసిన పాట ఒకరు పంపితే, గున్నమ్మకు జ్వరం తగ్గిందన్న కబురు మరొకరు పంపేవారు. ఒకరి ముఖం ఒకరు ఎరుగరు. అయినా పాట వచ్చిన రోజున అందరూ మేలుకునే ఉండేవారు.

శ్రీకాకుళంలో పెద్ద సభ చేద్దామని అంతా కలిసి అనుకున్నారు. వాయుగుండం దాన్ని చెడగొట్టింది. అప్పుడు అప్పలనరసింహం అనే సభ్యుడు ముందుకొచ్చాడు. శృంగవరపుకోట అవతల కొండల కింద స్టూడియో పెట్టుకున్నవాడు. గున్నమ్మ పాత రికార్డింగులను శుభ్రం చేసి ఇచ్చినవాడు. షెల్టరు పై గదిలోంచి అమావాస్య సంధ్యవేళ లైవులో పాడిద్దామన్నాడు. ఎందుకా వేళ అని ఎవరూ అడగలేదు. మైకులు సర్దాలని అతడు పొద్దుటే ఆ గదిలో దిగాడు; పాట దగ్గరుండి చూడాలని శ్రీలలితా వచ్చింది.

ఆ శుభ్రం చేసిన పాటనే శ్రీలలిత ఇప్పుడు వింటోంది.

అది ఒడ్డు మీది ఆడవాళ్ళ పాట. వేటకెళ్ళిన పడవలు మంచులో ఆలస్యమైతే ఒకామె నీళ్ళ వైపు తిరిగి ఎత్తుకుంటుంది: “నీటి మీదెవులున్నారు?” వెనకనున్న ఆడవాళ్ళు నీటి మీది మగవాళ్ళకు మారుగా వంత పలుకుతారు: “ఉన్నాం, వస్తన్నాం.” వంత లేకుండా ఆ పాట ఎత్తడం ఈ తీరంలో లేదు. కానీ వంత గొంతులు గరుకుగా ఉన్నాయనీ, వాటిని తీసేస్తే గున్నమ్మ గొంతు నిర్మలంగా నిలుస్తుందనీ అప్పలనరసింహం అన్నప్పుడు శ్రీలలితే అసలు రికార్డింగులన్నీ అతనికి పంపింది. అంతేకాదు... పాట సాగేటప్పుడు వినేవాళ్ళంతా మైకులు మూసి ఉంచాలని గ్రూపులో నియమం పెట్టింది కూడా ఆమే. గానం జరిగే చోట దగ్గు వచ్చినా మింగి కూర్చోవడమే భక్తి అని చిన్ననాటి నుంచి నేర్చినది మరి!

ఆ ఒంటి గొంతు ఆమెకు ఎంతో నచ్చింది. తన ఒక్కదానికోసమే ఎవరో పిలుస్తున్నట్టుండేది.

“నీటి మీదెవులున్నారు?” గున్నమ్మ గొంతు అడిగింది. వంత తీసేసిన చోట శూన్యం. ఆ శూన్యంలో...

శ్రీలలిత వేలు ఆగింది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. ధ్వని చివరిదాకా పెంచింది.

పాతాళంలోంచి బుడగలా లేచిన ఒక మగగొంతు. “ఉన్నాను... వస్తన్నాను...”

ఆమె మరొక పాట తెరిచింది. అందులోనూ అంతే. ప్రతి పాటలో, ప్రతి పిలుపు వెనకా, ప్రతి శూన్యంలోనూ అదే గొంతు! ఇన్నాళ్ళూ వేలమంది మౌనంగా విన్నారు. ఆ మౌనాన్ని ఆ గొంతువాడొక్కడే నింపుకున్నాడు.

“అక్కా!” లోపలి నుంచి తులసి వచ్చింది. గున్నమ్మ మనవరాలు, పగలంతా చేపలు అమ్మి వచ్చిన చీర ఇంకా మార్చలేదు. “ఓపాలి లోనికి రా. మామ్మ మాటాడతన్నాది గానీ... ఆ గొంతు మా మామ్మది కాదు.”

“ఎప్పటినుంచి?”

“వారం నుంచి మాట తగ్గిపోనాది. వయసు కదా అనుకున్నాను. ఇప్పుడు సూడు, గోడకి తిరిగి కూకుంది. అన్నం పెడితే నానొస్తన్నాను, నానొస్తన్నాను అంతాది. ఎక్కడికే అంటే నవ్వుతాది.”

శ్రీలలిత లోపలికి అడుగు వేసేలోపే గున్నమ్మ గడప దాటింది.

జడలు కట్టిన తెల్లని జుట్టు, తెరుచుకున్న కళ్ళలో చూపు లేదు. నడుముకు తాడు కట్టి ఎవరో లాగుతున్నట్టు ఒళ్ళు ముందుకు వంగి ఉంది, పాదాలు వెనక వస్తున్నాయి. తులసి చేయి పట్టుకుంటే ఆ ముసలి చేయి విదిలించిన విసురుకు పిల్ల బురదలో పడింది. మెరుపు మెరిసింది. షెల్టరు మెట్లెక్కుతున్న ఆ ఆకారం ఒక్క క్షణం తెల్లగా వెలిగి... చీకటిలో కలిసింది. పైన ఇనుప తలుపు భళ్ళున మూసుకుంది!

ఇద్దరూ మెట్లెక్కి తలుపు బాదారు. లోపల గడియ.

తలుపు సందులోంచి శ్రీలలిత చూసింది. గది నడుమ నల్లని ముగ్గు. నాలుగు మూలలా ఆముదపు దీపాలు. ముగ్గు మధ్య ఒక కపాలం. దాని కంటి గుంతల్లోంచి ఇంకా ఇసుక రాలుతోంది. ఏనాడో నీట మునిగి, ఒడ్డుకు కొట్టుకొచ్చి, ఎవరూ మనవాడని చెప్పుకోని శవానిది. ఆ కపాలం దవడల మధ్య మైకు. దాని ఎదుట గున్నమ్మ. వెనక, ఎర్రని పంచెతో, భస్మం పూసుకున్న అప్పలనరసింహం!

“తలుపు తియ్యండి!”

“ఇప్పుడు కాదు, శ్రీలలితగారూ.” అతని కంఠం మర్యాదగా, మెత్తగా ఉంది. “వేలమంది ఒంటరిగా, చెవులు మాత్రమే తెరిచి, నోళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు. ఇంత నిశ్శబ్దం శ్మశానాల్లో కూడా నాకు దొరకలేదు. ఈ పూట ఆమె పిలుస్తుంది. బదులు నేనొక్కడినే ఇస్తాను. దాంతో ఆ గొంతు ఈ కపాలంలో బద్ధమవుతుంది. ఆ తరువాత ఈ గొంతుతో నేనెవరిని పిలిస్తే వాళ్ళు వస్తారు. ఎక్కడికంటే అక్కడికి.”

“మామ్మ ఏటైపోతాది?” తులసి అరిచింది.

“గొంతు పోయిన పిట్ట ఎంతసేపుంటుందమ్మా?”

తులసి తలుపు దగ్గరే కూలబడింది. అతడు మళ్ళీ శ్రీలలితతోనే అన్నాడు. “మీకు నా మీద కోపం తగదు. మీరు కోరినదే ఇచ్చాను కదా. వంతల గోల లేకుండా, మీ ఒక్కరికోసమే పాడే గొంతు. అడ్డు రాకండి. ప్రతి సాయంత్రం మీ ఇంటికి దాన్ని పంపుతాను. మీ పేరు పెట్టి పిలుస్తుంది.”

ఆమె అవమానంతో కాలిపోయింది. అతడు చెప్పినది నిజం. ఇంకా ఘోరమైనది, ఆ మాట వినగానే ఆమెలో ఏదో ఒకటి... కావాలనుకుంది.

లోపల గున్నమ్మ నోరు తెరిచింది.

“నీటి మీదెవులున్నారు...”

అది శ్రీలలిత ఫోనులోంచి కూడా వినబడింది. తెర మీద వేల పేర్లు, ఒక్కొక్క పేరు పక్కనా మూసిన మైకు గుర్తు. కపాలం దవడ కదిలింది. దీపాలు నీలంగా మారాయి. అప్పలనరసింహం ఊపిరి పీల్చుకుని వంగాడు. “ఉన్నాను...”

గున్నమ్మ ముక్కులోంచి నెత్తురు జారింది.

శ్రీలలిత ఫోను పైకెత్తింది. గ్రూపు ఆమెది. ఆమె వేసిన తాళం అది. ఒక్క తాకుడుతో అందరి మైకులూ తెరిచింది.

ఎవరూ మాట్లాడలేదు. ఊపిరులు, ఫ్యాన్ల చప్పుడు, ఎక్కడో ఇంజను మోత. తెర కింద సందేశాలు మాత్రం వరసకట్టాయి. దయచేసి నిశ్శబ్దం. మైకు మూయండి. అమ్మ పాడుతోంది. శ్రీలలిత నేర్పిన భక్తే ఆమెకు ఎదురు నిలిచింది!

శ్రీలలిత ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. ఆమె ఏనాడూ నలుగురిలో గొంతు విప్పలేదు. వినడమే తన వంతు అనుకున్న మనిషి. వచ్చిన శబ్దం పాటలా లేదు, పగిలిన కుండలా ఉంది.

“ఉన్నాం... వస్తన్నాం...”

లోపల గట్టిగా నవ్వు. “ఒక్కరు వంత కారు, శ్రీలలితగారూ.”

“అందరూ పలకండి.” ఆమె ఫోనులోకి అంది. “ఆవిడ మిమ్మల్నే అడుగుతోంది. నీళ్ళ మీద ఉన్నది మీరే కదా. బదులు చెప్పకపోతే ఆవిడ ఉండదు.”

ఒక ఉరుము దొర్లిపోయింది. ఆ తరువాత ఎక్కడినుంచో, ఇంజను మోతను తోసుకుంటూ, ఒక మొరటు మగగొంతు. “వేరావల్ రేవు కాడ ఉన్నాం, మామ్మా. లక్ష్ముడిని. ఉన్నాం. వస్తన్నాం.”

“చెన్నై హార్బర్‌లో ఉన్నాం, వస్తన్నాం.” మరొకరు.

“దుబాయ్‌లో... ఉన్నాం.” ఇంకొకరు.

పదులు, వందలు! అపస్వరాలు, దగ్గులు, ఏడుపులు, నిద్రమత్తు గొంతులు... ఒకరి శ్రుతికి ఒకరి శ్రుతి కలవదు. తులసి లేచి గొంతు కలిపింది. పేటలో తలుపులు తెరుచుకుని, వానలో ఆడవాళ్ళు మెట్ల కింద చేరి ఎత్తుకున్నారు. లోపలున్న స్పీకర్లలోంచి ఆ గరుకు ఘోష కెరటంలా లేచి గది గోడలను కొట్టింది! దీపాలు నాలుగూ ఒక్కసారిగా ఆరిపోయాయి.

“నీటి మీదెవులున్నారు?”

ఈసారి అడిగినది గున్నమ్మ కాదు. కపాలం! మెరుపు వెలుగులో ఇసుక నిండిన ఆ నోరు మాంత్రికుడి వైపు తిరిగింది. ఎవరూ తన కోసం పలకని ఆ మృతుడికి ఇన్నాళ్ళూ ప్రతి పాటలో బదులిచ్చినవాడు వీడొక్కడే. ఉన్నానన్నాడు. వస్తన్నానన్నాడు. వేలసార్లు మాట ఇచ్చాడు!

“లేను,” అనబోయాడు అప్పలనరసింహం. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. అతని గొంతు అతనిది కాకుండా పోయింది. మంత్రం చదవబోయాడు; నోట్లోంచి నురుగు, ఉప్పునీరు కారాయి.

గడియ దానంతటదే ఊడింది. తలుపు తెరుచుకుంది. అతడు బయటికి వచ్చాడు. ఒళ్ళు ముందుకు వంగి ఉంది, పాదాలు వెనక వస్తున్నాయి. రెండు చేతుల్లో కపాలం. శ్రీలలిత పక్కనుంచి వెళ్తూ ఆమె ముఖంలోకి చూశాడు. ఆ కళ్ళలో ఉన్నది భయం కూడా కాదు. ఆపమని అడగడానికి ఎవరూ లేనివాడి చూపు. మెట్లు దిగాడు. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. ఇసుక దాటాడు. గంగమ్మ తల్లి ఒక నల్లని కెరటమై లేచి, నిలిచి, అతడు చేరేదాకా ఆగింది.

తరువాత అక్కడ నీరే ఉంది.

గుడ్లగూబ ఎగిరిపోయింది. గదిలో గున్నమ్మ నేల మీద పడి దగ్గుతోంది. తులసి ఒళ్ళో తల పెట్టుకుని మూతి తుడుస్తోంది.

“ఏటే, ఆ కేకలు ఏటి? సెవులు పోతన్నాయి,” అంది గున్నమ్మ. గొంతు బొంగురు, కానీ ఆమెదే.

“నీ పాటకే మామ్మా. ఊరూరా వంత సెప్పినారు.”

“శ్రుతి తప్పి సచ్చినారు,” అంది ముసలిది. కళ్ళు మూసుకుని కాసేపు విని, “ఆగమనకు,” అంది.

కానీ పాట దానంతటదే సద్దుమణిగింది. ఎవరి పనులు వారికున్నాయి. షిఫ్టులు, వలలు, వంటలు. తెర మీద పేర్లు ఒక్కొక్కటే ఆరిపోసాగాయి. శ్రీలలిత మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. అందరూ వెళ్ళిపోయాక ఆపేద్దామని వేలు ఎత్తింది. ఒక్క పేరు మిగిలింది. అవతల ఇంజను ఆగి ఉంది. పడవ అంచుకు నీళ్ళు తగులుతున్న చప్పుడు.

“ఎవరు?” అంది.

“లక్ష్ముడినక్కా. పాటకి కాదు. ఊరికే. కట్ సెయ్యకు.”

వాన తగ్గుతోంది. ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

“ఉన్నాను,” అంది.