గిర్ని ఆగిన మధ్యాహ్నం

ల్యాప్‌టాప్ వెనక మూత విప్పగానే సిరీషకు తుమ్ము వచ్చింది. ఒక్కటి కాదు, వరసగా తొమ్మిది. తొమ్మిదో తుమ్ము తర్వాత కళ్లు తుడుచుకుని చూస్తే ఫ్యాను రెక్కల నిండా ఎర్రటి పొడి గడ్డకట్టి ఉంది.

"ఏంటండీ ఇది? కారమా?"

కౌంటరు అవతల నిలబడ్డ కుర్రాడు తల గోక్కున్నాడు. "కారమే మేడం. మా ఇంట్ల పిండి గిర్ని ఉన్నది. జొన్నలు, గోధుమలు, పసుపు, మిరపకాయలు... ఊరోళ్లందరివి మా నాయనమ్మనే పడ్తది."

"పనిలో పనిగా ల్యాప్‌టాప్‌ని కూడా పట్టేసిందా?"

"లేదు మేడం. నేను కూసునేది గిర్ని పక్క రూంలనే. గాలికి వచ్చి పడ్తది."

బాన్సువాడ బస్టాండు ఎదురు సందులో సిరీష రిపేరు షాపు పెట్టి మూడేళ్లయింది. ప్రింటరు కానీ, ల్యాప్‌టాప్ కానీ, చేత్తో పట్టుకుంటే చాలు దాని జబ్బేమిటో ఆ పిల్లకి తెలిసిపోతుందని చుట్టుపక్కల పేరు. ఆ పేరంటే ఆమెకు కొంచెం గర్వం. కొంచెం అని మర్యాదకి అంటున్నాం గానీ, బాగానే గర్వం.

కుర్రాడి పేరు సృజన్. ఊరు నస్రుల్లాబాద్. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు. ల్యాప్‌టాప్ ఒక్క ఫొటో తెరవడానికి చాయ్ తాగి వచ్చేంత సేపు తీసుకుంటోందట. మధ్యలో బిగుసుకుపోయి, నీలం తెర చూపించి, తనంతట తనే ఆగిపోతోందట.

"తండాల ధన్‌సింగ్ బిడ్డ పెండ్లి చేసిన మేడం. మూడు వేల రెండు వందల ఫొటోలు దీంట్లనే ఉన్నయి. ఆల్బం ఇయ్యాలె. గా ఫొటోలు పోతే నేను ఊర్ల మొఖం చూపించలేను. మళ్లా పెండ్లి చేసుకొమ్మనలేం గదా!"

"బ్యాకప్ ఉందా?"

"కెమెరా కార్డులల్ల ఉన్నయి."

సిరీష ఫ్యాను విప్పి, కారం దులిపి, ఇంకో నాలుగు తుమ్ములు తుమ్మి, మళ్లీ బిగించింది. ఆన్ చేస్తే ల్యాప్‌టాప్ గుర్రంలా పరుగెత్తింది. అలవాటు ప్రకారం హార్డ్ డిస్కు కూడా పరీక్షించింది. ఎనిమిది చోట్ల చదవడానికి రాని మచ్చలున్నాయి. పాత డిస్కు, ఆ మాత్రం ఉంటుందిలే అనుకుంటూ రసీదు మీద 'మచ్చలు 8' అని రాసుకుంది.

"వేడెక్కి ఆగిపోతోంది, అంతే. ఇక మీ భాషలో చెప్పాలంటే, ఫికర్ లేదు."

సృజన్ నవ్వాడు. నవ్వితే అతని ఎడమ కన్ను కాస్త ఎక్కువ మూసుకుంటుందని సిరీష గమనించింది. రసీదు మీద రాయాల్సిన విషయం కాదు కాబట్టి రాయలేదు.

పది రోజులకి మళ్లీ వచ్చాడు.

"ఇంట్ల నడుస్తలేదు మేడం. గంటకోసారి ఆగుతుంది."

సిరీష ఆన్ చేసింది. ఎక్కడా ఆగలేదు. రెండు గంటలు అలాగే ఉంచింది. ఏ ఫొటో నొక్కితే ఆ ఫొటో చటుక్కున తెరుచుకుంది.

"బాగానే ఉంది కదండీ?"

"మీ దగ్గరికి రాంగనే బుద్ధి వస్తది దీనికి! ఇంట్ల నా పానం తీస్తది."

"నేనంటే భయం లెండి."

"భయమో, ఇష్టమో!" అనేసి, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

పక్కనే జిరాక్స్ షాపు నరేష్, కాగితాల కట్ట లెక్కపెట్టడం ఆపి మరీ అందుకున్నాడు. "అక్కా, సుస్తీ ల్యాప్‌టాప్‌కు కాదు, దాని ఓనర్‌కే ఉన్నట్టుంది!"

సిరీష చెవులు వేడెక్కాయి. అనవసరమైన ప్రోగ్రాములు తీసేసి, వైరస్ చూసి, డిస్కు చూసి, రసీదు రాసి పంపించేసింది. అతను వెళ్లిన తర్వాత చాలాసేపు ఏ పనీ తోచలేదు. 'ఇతను నా కోసమే వస్తున్నాడు' అనుకుంది. ఆ ఆలోచన చాలా బాగుంది. ఎంత బాగుందంటే, మర్నాటి నుంచి షాపుకు వచ్చే ముందు అద్దం ముందు ఇంకో ఐదు నిమిషాలు నిలబడేంత.

మూడోసారి వారానికే వచ్చాడు. ఈసారి ఫ్యాను చప్పుడు చేస్తోందన్నాడు. సిరీష అలవాటు కొద్దీ డిస్కు పరీక్షించి, రసీదు రాసి సంతకం పెట్టించుకుంది.

ఇద్దరూ ల్యాప్‌టాప్ మీదికి వంగి చెవులు పెట్టారు. ఫ్యాను మహా పద్ధతిగా తిరుగుతోంది. ఇద్దరి తలలకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. సరిగ్గా అప్పుడే జిరాక్స్ షాపు వైపు నుంచి దగ్గు వినిపించింది. చూస్తే నరేష్, అతని వెనక ముగ్గురు కాలేజీ అమ్మాయిలు, అందరి మొహాల్లోనూ నవ్వే.

సిరీషకి సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గు వస్తే ఆమెకు వెనకాలే కోపం కూడా వస్తుంది.

"చూడండీ, ఇది రిపేరు షాపు. కాలక్షేపానికి కూర్చునే అడ్డా కాదు. బాగున్నదానికి జబ్బులు కల్పించి తీసుకురాకండి!"

సృజన్ మొహం వాడిపోయింది. "సరే మేడం. ఇగ రాను," అని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అన్నమాట ప్రకారం రాలేదు కూడా.

ఎనిమిది రోజులు గడిచాయి. మాట నిలబెట్టుకునే మనుషుల మీద అంత ఒళ్లు మండుతుందని సిరీషకి అప్పుడే తెలిసింది. తొమ్మిదో రోజు పొద్దున, ఎవరూ లేకుండా చూసి, సొరుగులోంచి అతని రసీదులు మూడూ బయటకు తీసింది. పని ఉండి కాదు. అడుగున అతని సంతకం ఉంటుంది, దాన్ని చూద్దామని. మూడూ పక్కపక్కన పెట్టుకుంది.

సంతకాలు చూస్తున్న కళ్లు వాటి పైన తన చేతిరాత మీద పడ్డాయి.

మచ్చలు 8. మచ్చలు 40. మచ్చలు 136.

ఒక్కో రసీదూ తనే రాసింది. మూడూ కలిపి ఒక్కసారైనా చూసుకోలేదు. ఆ డిస్కు చచ్చిపోతోంది. అతను చెప్పినవి జబ్బులు కల్పించడం కాదు. కల్పించుకున్నది తను.

వెంటనే ఫోన్ చేసింది. అవతల ఏదో హోరు. ఆ హోరులోంచి సృజన్ గొంతు.

"మొన్నటి సంది అసలే తెరుసుకుంటలేదు మేడం. ఆపుతున్న, ఆన్ చేస్తున్న. పొద్దున్నుంచి ఇరవై మాట్ల చేసిన."

"ఇంకోసారి ఆన్ చెయ్యకండి! కార్డులున్నాయన్నారు కదా, ఆ ఫొటోలు..."

"మీరు ఫికర్ లేదన్నంక కార్డులు ఖాళీ చేసిన. బిచ్కుందల ఇంకో పెండ్లి ఉండె." హోరులో వినపడాలని గొంతు పెంచాడు. "అన్నీ గీ డిస్కులనే ఉన్నయి. ఇంకెక్కడ లెవ్వు."

తన మాట నమ్మి ఖాళీ చేశాడు. ఇరవై ఐదేళ్ల జీవితంలో సిరీషకు తన మీద తనకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

"బండి మీద పట్టుకొస్త, జర చూస్తరా?" అడిగాడు.

"వద్దు! ఆ గుంతల రోడ్డు మీద తెస్తే దారిలోనే ఉన్న ప్రాణం కాస్తా పోతుంది. కదిలించకండి. నేనే వస్తున్నా."

షాపు షట్టరు దించి, పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కు బ్యాగులో వేసుకుని, స్కూటీ ఎక్కింది. నరేష్ ఏదో అనబోయి, ఆమె మొహం చూసి మానేశాడు.

నస్రుల్లాబాద్‌లో ఇల్లు వెతుక్కోవలసిన పని పడలేదు. వీధి మొదట్లోనే గిర్ని మోత. వరండాలో డబ్బాలు, సంచులు పెట్టుకుని ఆరేడుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. లోపల తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలావిడ, సృజన్ నాయనమ్మ పోసవ్వ, మిరపకాయలు పోస్తోంది. పక్క గదిలో గోడకు ఆనించి బల్ల, బల్ల మీద ల్యాప్‌టాప్, దాని పక్కన గ్లాసుడు నీళ్లు.

సిరీష ల్యాప్‌టాప్‌ని చూడలేదు. నీళ్లని చూసింది. గ్లాసులో నీళ్లు ఆగకుండా వణుకుతున్నాయి. బల్ల మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యి మోచేతి దాకా జిల్లుమంది.

"మీరు పని చేసుకునేది ఇక్కడేనా?"

"ఇంకెక్కడ మేడం? ఇల్లే రెండు రూములు."

"డిస్కులో పళ్లెం తిరుగుతుంటుందండీ, దాని మీద వెంట్రుకవాసి ఎత్తులో ముల్లు. బల్ల ఇలా ఊగితే ఆ ముల్లు పోయి పళ్లేన్ని గీకుతుంది. నా షాపులో ఊగదు కాబట్టి బుద్ధిగా ఉండేది. గిర్ని ఆపమనండి."

"పక్క రూంల పెడుదామా?"

"పక్క రూంలో గిర్నీయే కదండీ ఉంది!"

గిర్ని ఆపమన్న మాట వినగానే పోసవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఆపుడా? నా పెండ్లయి వచ్చినప్పటి నుంచి, పండుగనాడు తప్ప పట్టపగలు గిర్ని ఆపలే నేను. ఎంతసేపు?"

"నాలుగు గంటలు పట్టొచ్చు అవ్వా," అంది సిరీష. "ధన్‌సింగ్ గారి అమ్మాయి పెళ్లంతా అందులోనే ఉంది."

పోసవ్వ వరండా వైపు తిరిగింది. "సాయంత్రం దాంక బందు! ఉండేటోళ్లు ఉండుండ్రి, పోయేటోళ్లు పోండ్రి!" అని మీట కిందికి లాగింది. గిర్ని మూలిగి, మెల్లగా ఆగింది. ఎవరూ పోలేదు. ఇంతకీ లోపల ఏం జరుగుతుందో చూడాలి కదా!

సిరీష తన పెన్‌డ్రైవ్ నుంచి ల్యాప్‌టాప్ లేపింది. డిస్కు రెండుసార్లు టిక్కుమంది. మూడోసారికి ఫోల్డరు కనిపించింది. సృజన్ ఊపిరి వదిలాడు. ముందు తేలిగ్గా వచ్చేవి తను తెచ్చిన డిస్కులోకి తీసుకుంది. పసుపు కొట్టడం, ఊరేగింపు, భోజనాలు, డప్పుల ముందు డ్యాన్సులు. వెయ్యి. రెండు వేలు. మూడు వేల నలభై దగ్గర ఆగిపోయింది. మిగిలింది పెళ్లికూతురిని సాగనంపిన ఫొటోలు.

"అవే ముఖ్యం," అన్నాడు సృజన్ నీరసంగా. "మా ధన్‌సింగ్ కాకను ఏడ్వంగ ఊర్ల ఎవ్వలు చూడలే. గా రోజే ఏడ్చిండు."

"మళ్లీ మళ్లీ చదివిస్తాను. మనం ఓపిక పట్టాలి."

ఇద్దరూ తెర మీద కదలని అంకె వైపు చూస్తూ కూర్చున్నారు. చివరికి అతనే అడిగాడు. "మీ చేతికి అన్నీ తెలుస్తయంటరు గదా. గిది ముందుగాల ఎందుకు తెల్వలే?"

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, ఎదురు మాట్లాడొచ్చు. వేడెక్కడం వల్ల పొరపాటు పడ్డానని చెప్పి తప్పించుకోవచ్చు కూడా. కానీ ఇతని ఫొటోలు పోయినా, దాని మీద తన అబద్ధం కూడా ఉండకూడదనుకుంది.

"తెలిసింది. మూడుసార్లూ నా చేత్తోనే రాశాను. కానీ రెండోసారి నుంచి మీరు నా కోసం వస్తున్నారనుకున్నాను. అలా అనుకోవడం నాకు నచ్చింది. అందుకే డిస్కు సంగతి పట్టించుకోలేదు. తప్పు నాదే."

సృజన్ తెర మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు, "రెండు మాట్ల ల్యాప్‌టాప్ కోసమే వచ్చిన."

సిరీష తలవంచుకుని కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచింది.

"మూడో మాటు ఫ్యాను మంచిగనే ఉండె. మిమ్మల్ని చూడనీకె వచ్చిన. పది రోజులు ఆగుదామనుకున్న, వారం దాటి ఆగలేకపోయిన. మీరు తిట్టినంక అన్నం గూడ తినబుద్ధి కాలే!"

గిర్ని ఇంట్లో పుట్టిన మనిషి గొంతు మామూలుగానే నాలుగిళ్లకు వినపడుతుంది. గోడ అవతల గాజుల గలగల, ఆపుకోలేని నవ్వులు.

"ఓరి సృజన్!" పోసవ్వ కేక. "గిర్ని బందున్నదిరా! అన్నీ ఇనవడుతున్నయి!"

"చెప్పనీయి పోసవ్వ," అందొక ఆడమనిషి. "మా మిరపకాయలు ఆగుతయి తీ!"

సిరీష రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచి చూస్తే గుమ్మంలో పోసవ్వ నిలబడి ఉంది.

"మీదేవూరు బిడ్డా?"

"కోటగిరి దగ్గర క్యాంపు అవ్వా. మా తాతగారు వ్యవసాయానికని గుంటూరు వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. నేను ఇక్కడే పుట్టాను."

"గట్లనా. మీ పొలానికొచ్చేది, మా పొలానికొచ్చేది ఒకటే కాలువ నీళ్లు. ఇంకేంది?" అని, తువ్వాలు విప్పి మొహం తుడుచుకుంది. "పిండి పట్టుడు వస్తదా?"

"రాదు అవ్వా."

"వద్దులే. గిర్ని నేను చూసుకుంట. నువ్వు గా డబ్బ సంగతి చూడు."

ఆ డబ్బా అప్పుడే కదిలింది. మూడు వేల నలభై ఒకటి. నలభై రెండు. ఆగుతూ, మూలుగుతూ, ఒక్కొక్కటే. ఎండ వాలేసరికి మూడు వేల నూట తొంభై ఆరు వచ్చాయి. నాలుగు రాలేదు. సిరీష ఒక ఫొటో తెరిచింది. మీసాల ధన్‌సింగ్, కూతురి తల మీద చెయ్యి పెట్టి, దాచుకోకుండా ఏడుస్తున్నాడు. సృజన్ కళ్లు తడయ్యాయి. సిరీష తెర వైపే చూస్తూ తన చేతి రుమాలు అతని వైపు తోసింది.

ఆ నాలుగింటి సంగతి ధన్‌సింగ్‌కి తనే చెబుతానంది. ఇద్దరం పోయి చెబుదామన్నాడు సృజన్. పోసవ్వ మీట పైకి తోసింది. గిర్ని మళ్లీ మోత మొదలుపెట్టింది.

సిరీష ల్యాప్‌టాప్‌ని బ్యాగులో పెట్టుకుని స్కూటీ ఎక్కింది. "తిరిగే పళ్లెం లేని డిస్కు వేస్తాను. గిర్ని ఎంత ఊగినా దానికేం కాదు."

"ఎప్పుడు రమ్మంటరు?"

"రేపు."

"రేపటికల్ల అయితదా?"

"అవ్వదు. డిస్కు నిజామాబాద్ నుంచి రావాలి. నాలుగు రోజులు పడుతుంది."

"మరి రేపెందుకు?"

సిరీష చెప్పింది గానీ, మోతలో అతనికి వినపడలేదు. చెయ్యి చెవి వెనక పెట్టుకుని ముందుకు వంగాడు. వరండాలో ఆడవాళ్లంతా ఇటే చూస్తున్నారు. సిరీష హెల్మెట్ తీసి, గొంతంతా పెట్టి అరిచింది.

"ఊరికే రా!"