చివరి పేజీ లేని కథ

"నలభై ఒకటి! ఫస్ట్ నేనే!"

రేణు పుస్తకాల దొంతర మోసుకుంటూ క్లాస్‌లోకి వచ్చింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

రేణు స్నేహితురాలు హనీన్ వాళ్ళ నానమ్మది పాలస్తీనాలో ఓ చిన్న పల్లెటూరు. అక్కడ ఒక గదిలో పిల్లల కోసం లైబ్రరీ పెడుతున్నారు. హనీన్ మేనత్త సల్మా ఆంటీ రేపు సాయంత్రం విమానంలో అక్కడికి వెళ్తోంది. పుస్తకాలకు ఒక్క సూట్‌కేసే ఉంది. అందుకే అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళోని ఆ నాలుగో తరగతి పిల్లలు తలా కొన్ని తెస్తున్నారు.

దొంతరలోంచి ఒక పుస్తకం జారి రేణు కాలికి తగిలింది. రేణు గబుక్కున తీసి కళ్ళకద్దుకుంది. మళ్ళీ పైన పెట్టేసింది.

రేణు పుస్తకాలతోనే సూట్‌కేస్ నిండిపోయింది. హనీన్ తెచ్చిన ఆరింటికి చోటు లేదు.

"పర్లేదులే," అని హనీన్ వాటిని తన బ్యాగ్‌లో పెట్టుకుంది.

మధ్యాహ్నం సల్మా ఆంటీ వచ్చింది. పైనున్న పుస్తకం తెరిచింది. అది లెక్కల వర్క్‌బుక్. జవాబులన్నీ రేణు ఎప్పుడో రాసేసింది. రెండో దాని నిండా క్రేయాన్ గీతలు. మూడోది తప్పిపోయిన ఏనుగుపిల్ల కథ. దానికి చివరి పేజీ లేదు.

అవన్నీ రీసైక్లింగ్‌కి వేయాలని రేణు వాళ్ళమ్మ గరాజ్‌లో పెట్టినవి. రేణు ఒక్కటీ తెరిచి చూడలేదు.

సల్మా ఆంటీ పుస్తకాన్ని మెల్లగా మూసింది. హనీన్ తెల్లబోయింది.

"రేణూ, ఏనుగుపిల్ల వాళ్ళమ్మకి దొరికిందా లేదా? అక్కడి పిల్లలకి ఎలా తెలుస్తుంది?"



ఇంటికి రాగానే రేణు అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టి ఏడ్చేసింది. "నేను ఓపెన్ చేసి చూడలేదు అమ్మమ్మా. కౌంట్ మాత్రమే చేశాను."

అమ్మమ్మ రేణు తల నిమిరింది.

"నాకు నలభై ఏళ్ళు దాటాక చదవడం వచ్చిందే రేణూ. మొట్టమొదట ఒక కథ పట్టుకున్నాను. సంతలో తప్పిపోయిన పిల్ల కథ. వేలు పెట్టుకుని, కూడబలుక్కుని, నెల రోజులు చదివాను. తీరా చూస్తే చివరి కాగితం లేదు. ఆ పిల్ల ఇల్లు చేరిందో లేదో ఇప్పటికీ తెలీదు."

రేణు చటుక్కున లేచి కూర్చుంది. "ఇప్పటికీనా?"

"ఆఁ, ఇప్పటికీ."

మర్నాడు పొద్దున్నే రేణు స్కూల్లో సూట్‌కేస్ తెరిచింది. తన నలభై ఒకటీ బయటికి తీసేసింది. ముందు హనీన్ పుస్తకాలు ఆరూ సర్దింది. తర్వాత తన గదిలోని అరలోంచి తెచ్చినవి ఒక్కొక్కటీ తెరిచి, పేజీలు తిప్పి చూస్తూ పెట్టసాగింది. తనకెంతో ఇష్టమైన తిమింగలం పుస్తకం కూడా వాటిలో ఉంది.

"ఎన్ని తెచ్చావ్?" అడిగింది హనీన్.

"లెక్కపెట్టలేదు," అంది రేణు, తిమింగలం పుస్తకంలో చివరి పేజీ తిప్పుతూ.