వెంకన్న గారి నాలుగు చావులు

వెంకన్న పోయిన పదకొండో రోజు పొద్దున్న కూడా వెంకన్నే కాఫీ తాగాడు. అదీ రెండు గ్లాసులు. నర్సరీ గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాళ్ళ దగ్గర నీళ్ళ పైపు పెట్టుకుని, హైవే మీద పోయే లారీలు లెక్కపెడుతూ తాగాడు. చావకముందు కాఫీ ఇంత రుచిగా ఎప్పుడూ లేదు.

ఆయన పోయిన సంగతి ఇంట్లో వాళ్ళకింకా తెలియదు. ఊరికీ తెలియదు. తెలిసిందల్లా హైదరాబాదు నుంచీ బళ్ళారి నుంచీ బరంపురం నుంచీ కడియపులంక వచ్చి మొక్కలు కొనుక్కుపోయే వాళ్ళకే. వాళ్ళకా కబురు చెప్పింది మరెవరో కాదు, పోయినాయనే.

సంగతేమిటంటే, నలభై రెండేళ్ళ కిందట అరెకరంలో మామిడి అంట్లు కట్టడం మొదలుపెట్టాడు వెంకన్న. ఇప్పుడది పద్నాలుగు ఎకరాల నర్సరీ. ఆయన అంటు కడితే ఎండుకర్రయినా చిగురేస్తుందనీ, ఒకసారి పరధ్యానంలో మంచం కోడుకు కడితే మూడో ఏటికి మంచం కాపుకొచ్చిందనీ ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా ఆయనే.

వ్యాపారం కొడుకు కిరణ్ చేతికొచ్చాక ఫోన్లలోకి ఎక్కింది. కోడలు హేమశ్రీ వెబ్‌సైట్లో ఒక్కో మొక్కకు ఒక్కో పేజీ రాసింది. ఎండ ఎంత కావాలి, నీళ్ళెన్ని రోజులకు పెట్టాలి, కాపు ఎన్నేళ్ళకు వస్తుంది, అన్నీ. కొన్నవాళ్ళు రివ్యూలు రాస్తే ప్రతి దానికీ మర్యాదగా జవాబిచ్చేది. అంతా బాగానే నడుస్తుండగా, ఆన్‌లైన్ మార్కెటింగ్ మేం చూసుకుంటామన్న రాజమండ్రి కంపెనీ ఒకదానికి ఈ వేసవిలో సైటు అప్పగించాడు కిరణ్. వాళ్ళు రంగులు మార్చారు. అక్షరాలు మార్చారు. ఆ ఊపులో వెంకన్నను కూడా మార్చేశారు.

ఆషాఢం ఆఖర్లో తెల్లకారొకటి నర్సరీ ముందు ఆగింది. దిగిన పెద్దమనిషి హైదరాబాదు ఆయన. బనీనుతో, మోకాళ్ళ దాకా మడిచిన పంచెతో మొక్కలకు నీళ్ళు పెడుతున్న వెంకన్నను చూసి, "ఏమయ్యా, వెంకన్న గారున్నారా? ఆయనతో ఒక ఫోటో దిగాలి" అన్నాడు.

"నేనేనండి."

పెద్దమనిషి నవ్వి ఫోన్ తిప్పి చూపించాడు. "నువ్వు కాదయ్యా. మీ ఓనరు గారు."

వ్యవస్థాపకులు శ్రీ వెంకన్న గారు అని రాసి ఉంది. దాని పైన ఎవడో ముసలాయన. పాలనురగ లాంటి గడ్డం, గడ్డి టోపీ, ఒక్కటీ ఊడని పళ్ళ వరస. ఒక చేతిలో ఆపిల్ మొక్క, రెండో చేతిలో తలకిందులుగా పట్టుకున్న కత్తెర.

గోదావరి గట్టు మీద ఆపిల్ అంటు కట్టిన మొనగాణ్ణి వెంకన్న అప్పుడే చూశాడు. తన పేరు నెత్తిన కూర్చుని వాడు నవ్వుతుంటే అరికాలి నుంచి మాడు దాకా మండింది. కొడుకును పిలిచి అడగొచ్చు. కానీ అడిగితే దాన్ని పితూరీ అంటారు, పగ అనరు.

"వెంకన్న గారు లేరండి" అన్నాడు పైపు కింద పెట్టి.

"ఎప్పుడొస్తారు?"

"రారండి. పోయారు. నెత్తిన కొబ్బరికాయ పడింది. కాయ మాత్రం పగల్లేదు. మొలకెత్తి అదుగో, ఆ మూల ఉంది."

పెద్దమనిషి కళ్ళు తుడుచుకుని ఆ కొబ్బరి మొక్క కొనుక్కుని వెళ్ళాడు.

అది మొదటి చావు. రెండోది బరంపురం వాళ్ళ కోసం. ద్రాక్షారామంలో వెంకన్న దర్శనం క్యూలో నిలబడితే లోపలి నుంచి భీమేశ్వరుడు పేరు పెట్టి పిలిచాడు. ఈయన వస్తున్నానండి అని అటే వెళ్ళిపోయాడు. మూడోసారి పోలవరం చూడ్డానికి వెళ్ళాడు. అక్కడ ఇంజనీర్లు సలహా అడిగితే చెప్పీ చెప్పీ ఊపిరి తీసుకోవడం మరిచిపోయాడు. నాలుగోది అన్నిటికన్నా గొప్పది. యానాం దగ్గర పులస కోసం గోదాట్లో దూకాడు. పులస ఒడ్డుకొచ్చింది, వెంకన్న రాలేదు. ఆ పులస ఏమైందండీ అని అడిగినవాడు కూడా ఉన్నాడు.

వచ్చినవాళ్ళకు వచ్చినట్టు ఆ నాలుగూ మార్చి మార్చి చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆయన కళ్ళకు కనపడింది ఆ గడ్డం వాడే. కాయ వాడి టోపీ మీదే పడింది. గోదాట్లో మునిగింది వాడి గడ్డమే. పదకొండు రోజులుగా వెంకన్నకు అన్నం సయిస్తోంది, నిద్ర పడుతోంది, మోకాళ్ళ నొప్పులు కూడా తగ్గాయి.

అలా రెండో గ్లాసు ఖాళీ అవుతుండగా, ఆ శ్రావణ శుక్రవారం పొద్దున్న కిరణ్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. "ఒకసారి ఇంట్లోకి రా నాన్నా" అని నర్సరీ వెనకనున్న ఇంటికి తీసుకెళ్ళాడు. ముందుగదిలో హేమశ్రీ నిలబడి ఉంది.

"నాన్నా, నువ్వు చచ్చిపోయావా?"

"కాఫీ తాగి వస్తున్నాను. చూసి నువ్వే చెప్పు."

"రివ్యూల్లో నలభై ఒక్క మంది సంతాపాలు రాశారు. ఒకాయన కొబ్బరికాయంటాడు, ఒకాయన పులసంటాడు. అసలు ఎన్నిసార్లు చచ్చావు నువ్వు?"

"నాలుగు. ఒక్కసారి చస్తే కొడుక్కి తెలీలేదు మరి."

హేమశ్రీకి నవ్వొచ్చింది కానీ మొగుడి మొహం చూసి మింగేసింది. "బళ్ళారి ఆయన నాలుగు వేల అంట్లు ఆపేశారండీ మావయ్యగారూ. తాతగారి చేతి అంట్లని బుక్ చేసుకున్నాం, ఆయనే లేకపోతే మాకెందుకంటున్నారు. రేపు లారీ రావాలండి."

ఈ మాట కోసమే పదకొండు రోజులుగా కాచుకుని ఉన్నాడు వెంకన్న. కిటికీ పక్కకి కుర్చీ లాక్కుని, తీరిగ్గా కాలు మీద కాలేసుకున్నాడు.

"ఏ తాతగారి చేతి అంట్లురా? గడ్డం తాతవా?"

కిరణ్ తల దించుకున్నాడు. "అదా నీ బాధ" అన్నాడు. "నీ ఫోటోకి లుక్ లేదన్నారు నాన్నా కంపెనీ వాళ్ళు. పళ్ళు లేవు, చొక్కా లేదు. చొక్కా తొడుక్కోమని నేనెన్నిసార్లు బతిమాలాను. అంటు కట్టేవాడికి చొక్కా ఏంట్రా అన్నావు. కొన్నాళ్ళు నెట్లో దొరికిన ఈ బొమ్మ ఉంచుదామన్నారు, సరే అన్నాను."

"అంటే బాబుని అద్దెకి తెచ్చుకున్నావన్నమాట. నువ్వెందుకు ఊరుకున్నావమ్మాయ్?"

"రెండుసార్లు చెప్పానండి. దాని మీదే మా ఇద్దరికీ నాలుగు రోజులు మాటల్లేవు" అంది హేమశ్రీ.

"నాతో చెప్పొచ్చు కదా నాన్నా. ఈ వయసులో ఈ పగలేంటి?"

"చెప్తే ఫోటో తీసేసి మర్నాటికి మర్చిపోతావు. ఇలాగైతే గుర్తుంటుంది. రేపు నీ లారీ ఖాళీగా తిరిగెళ్ళిపోతుంటే గేటు దగ్గర కూర్చుని చూస్తాను. గడ్డం వాణ్ణి పిలువు, వాడొచ్చి ఎక్కిస్తాడు."

ఆ గెలుపు ఆయన నోట్లో ఇంకా కరగనే లేదు, కిటికీ అవతల వీధి గేటు చప్పుడైంది.

వెంకన్న భార్య రత్నమాణిక్యం తలస్నానం చేసి, తడిజుట్టు విరబోసుకుని ముంగిట్లో ఎండలో నిలబడి ఉంది. బొట్టింకా పెట్టుకోలేదు. గేటు తీసుకుని వచ్చింది ఎదురింటి కొత్తకోడలు రమ్యశ్రీ. పెళ్ళైన మొదటి ఆషాఢం పుట్టింట్లో గడిపి నిన్ననే తిరిగొచ్చింది. చేతిలో కుంకుమ భరిణె. సాయంత్రం పేరంటానికి ఇంటింటికీ బొట్టు పెట్టి పిలుస్తోంది.

రత్నమాణిక్యం నవ్వుతూ ఎదురెళ్ళింది. పిల్ల ఆ ఖాళీ నుదురు చూసి ఆగిపోయింది.

"ఫోన్లో చూశానండీ పిన్నిగారూ" అంది. "మీ నర్సరీ పేజీలో అందరూ రాశారు. నేను ఊళ్ళో లేనండి. బాబాయిగారు అలా..."

మాట పూర్తి కాలేదు. భరిణె మీద కొంగు కప్పుకుంది. తల వంచుకుని వెనక్కి తిరిగి, వస్తానని చెప్పకుండా గేటు దాటింది. చావింటి నుంచి వెళ్ళేవాళ్ళే అలా వెళ్తారు.

కిటికీ దగ్గర వెంకన్న కాలు మీది కాలు దిగింది.

రత్నమాణిక్యం లోపలికొచ్చింది. కిరణ్ చేతిలో ఫోన్ తీసి కోడలికిచ్చింది. "చదువు హేమా" అంది. హేమశ్రీ చదివింది. కొబ్బరికాయ, భీమేశ్వరుడు, పోలవరం, పులస. రత్నమాణిక్యం నాలుగు చావులూ నిలబడే విన్నది.

"నీకు తగలాలని కాదు మాణిక్యం" అన్నాడు వెంకన్న. "ఆ గడ్డపోణ్ణి చంపాను నేను."

"గడ్డం వాడికి పెళ్ళాం ఉందో లేదో నాకు తెలీదు. వెంకన్న గారికి ఉంది."

రత్నమాణిక్యం ఆయన కుర్చీకి ఎదురుగా వచ్చి నిలబడింది.

"కోడలి ముందు అడుగుతున్నాను, చెప్పండి" అంది. గొంతు పెంచలేదు. "ఏదో బొమ్మలో మీ మొహం లేదని నాలుగుసార్లు చచ్చారు. కొడుకు లారీ ఆపారు. నా నుదుటి మీద బొట్టు ఆపారు. నలభై రెండేళ్ళుగా గేటు మీద బోర్డుంది. వెంకన్న నర్సరీ. మీరు పుల్ల కోసేవారు, నేను కట్టేదాన్ని. కిరణ్ కడుపులో ఉన్నప్పుడు తొమ్మిదో నెల దాకా కట్టాను. ఆ బోర్డు మీద నా పేరెక్కడుంది? నేనెవర్ని చంపాను?"

వెంకన్న దగ్గర ప్రతి మాటకూ ఒక కథ ఉంటుంది. కోత ఎవడైనా కోస్తాడు, కాపంతా కట్టులో ఉందిరా అని పనిలోకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడాయన. కట్టు బిగిస్తే పుల్ల నలుగుతుంది, వదులైతే అతుకు పట్టదు. ఆ కట్టు ఎవరిదో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆఖరికి మంచం కోడు కథలో కూడా కోసిందీ కట్టిందీ తనే.

"హేమా, మీ మావయ్యగారికి ఇక కాఫీ పెట్టకు" అంది రత్నమాణిక్యం. "పోయినవాళ్ళకి పెట్టేది వేరే ఉంటుంది. అది కాకులు తింటాయి."

వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఏడుస్తోందని ముగ్గురికీ తెలిసింది. లోపలికి వెళ్ళే ధైర్యం ముగ్గురికీ లేకపోయింది.

వెంకన్న లేచి పెట్టె తీశాడు. కొడుకు పెళ్ళినాటి తెల్లచొక్కా అడుగున ఉంది. తొడుక్కున్నాడు. అలవాటు లేక ఒక గుండీ కింది కాజాలోకి పోయింది. అలాగే వీధి దాటి ఎదురింటి గుమ్మంలో నిలబడ్డాడు. రమ్యశ్రీ చూసి గుమ్మం పట్టుకుంది.

"భయపడకమ్మా. పోయినవాణ్ణి నేనే. అబద్ధమాడాను" అన్నాడు. "మా ఇంటావిడకి బొట్టు పెట్టి పిలవాలి నువ్వు. నేను నీ వెనకాలే నడుస్తాను. వీధిలో నలుగురూ చూస్తారు."

ముందు భరిణెతో ఆ పిల్ల, వెనక గుండీలు తప్పిన చొక్కాతో డెబ్భై ఏళ్ళ వెంకన్న. ఇంట్లోకి వెళ్ళాక రమ్యశ్రీ కుంకుమ తీసి వెనకాడుతుంటే రత్నమాణిక్యమే ఆ చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. కుంకుమ రాలి ముక్కు మీద పడింది. ఆమె తుడుచుకోలేదు.

"వస్తానండీ పిన్నిగారూ" అంది ఆ పిల్ల ఈసారి, గట్టిగా.

కిరణ్ అప్పటికే కంపెనీకి ఫోన్ చేసి గడ్డం తాతను దింపించాడు. తండ్రి దగ్గరికొచ్చి, "తప్పు నాదే నాన్నా" అన్నాడు. "ఆ ఫోటో పెట్టేటప్పుడు నీ మొహం గుర్తొచ్చింది. చూడనట్టు ఊరుకున్నాను." వెంకన్న కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. ఎప్పటిలా వెక్కిరించలేదు. "నేనూ అంతేరా. నలభై రెండేళ్ళు ఊరుకున్నాను" అన్నాడు.

మధ్యాహ్నం హేమశ్రీ ఫోటో తీయబోతే వెంకన్న పీట జరిపి రత్నమాణిక్యాన్ని కూర్చోబెట్టాడు. ఆమె కూర్చుంది. ఆయన కోసిన పుల్ల అందుకుని, టెంక నుంచి మొలిచిన మొక్క చీలికలో దింపి, ప్లాస్టిక్ పట్టీ చుట్టింది. "మొహాలదేముంది అమ్మాయ్, ఆవిడ చేతులు బాగా పడాలి" అన్నాడు వెంకన్న. పేజీలో రత్నమాణిక్యం, వెంకన్న అని హేమశ్రీ ఆ వరసలోనే రాసింది.

మిగిలిన శిక్ష అత్తగారి మాటగా కోడలు వినిపించింది. నలభై ఒక్క సంతాపాలకూ ఆయనే, తన వేలితోనే, జవాబు రాయాలి. సాయంత్రం దాకా కూర్చుని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాశాడు. హైదరాబాదు పెద్దమనిషికి, 'నేను బతికే ఉన్నానండి. ఆ కొబ్బరి మొక్క మంచిదే, జాగ్రత్తగా పెంచుకోండి' అని. ఎక్కువమందికి అబద్ధమాడాను క్షమించండి అని మాత్రమే. అన్నిటికన్నా ఆఖర్న బళ్ళారికి రాశాడు. 'తాత పోలేదండి. మీరడిగిన అంట్లు కట్టిన చేతులు మా ఇంటావిడవి. అవీ బాగానే ఉన్నాయి. లారీ ఆపకండి.'

తలెత్తేసరికి పక్కన కాఫీ గ్లాసుంది. పేరంటం నుంచి వచ్చిన రత్నమాణిక్యం, శనగల పొట్లం కొంగున కట్టుకుని, స్తంభానికి చేరబడి నిలబడింది.

"చల్లారిపోతుంది" అంది.

వెంకన్న తాగాడు. పంచదార లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చేదుకో మరెందుకో. పంచదార అడగలేదు. మర్నాడూ ఆమె వెయ్యలేదు, ఆ మర్నాడూ వెయ్యలేదు. నాలుగు చావులకు నాలుగు రోజులు.

ఐదో రోజు పెయింటర్ సాల్మన్ గేటు మీది బోర్డులో ఇంకో పేరు చేర్చి నిచ్చెన దిగాడు. రత్నమాణిక్యం కొంగు నెత్తిన వేసుకుని, హైవే అవతలికి వెళ్ళి నిలబడి, రెండు లారీలు పోయేదాకా ఆ బోర్డు చూసి వచ్చింది. ఆ పూట గ్లాసులో రెండు చెంచాల పంచదార పడింది.