అండుగు బంక ఆరేదాకా

డబ్బా మూత తీయగానే ప్రమీలారాణి ముఖం చిన్నబోయింది. పుల్లని వాసన గుప్పున కొట్టింది. పసుపు పూసల్లా విడివిడిగా ఉండాల్సిన అండుగు చెట్టు బంక ఒకటే ముద్దయి, పైన తెల్లగా బూజు పట్టింది.

ఆ బంక స్నేహితురాలు జ్ఞానమణి వాళ్ళ నాయనమ్మ హన్నమ్మ కోసం. దాన్ని నూరి పట్టు వేసుకుంటే మోకాళ్ళ నొప్పి కాస్త నెమ్మదిస్తుందని ఆమె నమ్మకం. జ్ఞానమణి నాన్న యేసుదాసు మాస్టారికి నూజివీడు బదిలీ అయింది. రేపు పొద్దున బస్సుకే ప్రయాణం. వెళ్ళేలోగా బంక ఇస్తానని ప్రమీల మాటిచ్చింది.

తిరువూరు బజారులో ప్రమీల నాన్న హనుమయ్యకు మూలికల కొట్టు ఉంది. అడవి నుంచి వచ్చిన పచ్చి బంకను చాటలో పల్చగా పరిచి, గాలి తగిలే నీడలో ఆరబెట్టమని ఆయన ముందే చెప్పాడు. ప్రమీలకేమో జ్ఞానమణి వెళ్ళిపోతుందన్న బెంగే. బంక పైపైన గట్టిపడగానే డబ్బాలో నింపి, మూత బిగించి, హమ్మయ్య అనుకుంది.

ఇప్పుడు చాకు తెచ్చి బూజు గీకబోయింది. నాన్న చూశాడు.

"పైన గీకితే లోపలి తడి ఎటు పోతుందమ్మడూ?"

"మరి కొట్లో ఉన్నది ఇవ్వు నాన్నా."

ఎండిన సరుకంతా అమ్ముడైపోయిందనీ, మిగిలింది నిన్న దిగిన పచ్చి బంకేననీ ఆయన చెప్పాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ప్రమీలకు.

సాయంత్రం డబ్బా పట్టుకుని జ్ఞానమణి ఇంటికి వెళ్ళింది. అక్కడ మంచాలు కూడా కట్టేశారు. మూటల మధ్య కూర్చున్న హన్నమ్మ ఆశగా చెయ్యి చాపింది. అడుగున బాగానే ఉందని చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ మూత తీసి చూపించింది.

"తడి ఆరకముందే మూత పెట్టేశాను మామ్మా. పాడైపోయింది. ఇది మోకాళ్ళకు వేసుకోవద్దు."

హన్నమ్మ నవ్వింది. "అరిగిన మోకాళ్ళు, ఎక్కడికీ పారిపోవులే పిల్లా. మంచిది చేసి పంపించు."

జ్ఞానమణే మూతి ముడుచుకుంది. "పంపుతుంది, పంపుతుంది. బస్సు మలుపు తిరిగితే మనల్నే మర్చిపోతుంది."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు బస్సు కదిలాక ప్రమీల కళ్ళు తుడుచుకుంటూ కొట్టుకు వచ్చి, కొత్త బంకను చాటలో పరిచింది. ఒక ముక్కకు ఇంకో ముక్క అంటకుండా విడదీసింది. రోజూ తిరగేసింది. అరుగు మీదికి ఎండ జరిగితే, చాటను నీడలోకి జరిపింది.

ఓ రోజు హనుమయ్య వీధిలోంచి పిలిచాడు. తెలిసిన కండక్టరు నూజివీడు బస్సు మీద వచ్చాడట. మళ్ళీ వచ్చే వారం గానీ రాడట. బంక ఇస్తే మాస్టారింట్లో అందిస్తానన్నాడట.

ప్రమీల గబగబా కాగితం పరిచి పొట్లం కట్టబోయింది. అంతలో ఆగి, అన్నింట్లోకి పెద్ద ముక్కను విరిచి చూసింది. అది పుటుక్కున విరగలేదు. మధ్యలో పాకంలా తీగ సాగింది.

బస్సు హారను మోగింది. జ్ఞానమణి ముడుచుకున్న మూతి కళ్ళముందు మెదిలింది.

"ఇవాళ వద్దు నాన్నా. వచ్చే వారం ఇద్దాం," అంది ప్రమీల.

హనుమయ్య కండక్టరుకు చెయ్యి ఊపాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. ప్రమీల మళ్ళీ చాట ముందు కూర్చుని, పెద్ద ముక్కలన్నీ చిన్నవిగా తుంచి, గాలి వచ్చే వైపు పరవసాగింది.